ఫిర్యాదుకెక్కని సొత్తు

విజయవాడ రైల్వేస్టేషన్‌లోనో పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లోనో ల్యాప్‌టాప్ సంచి మాయమైతే ఫిర్యాదులో కంపెనీ పేరు, మోడల్, రంగు, కొన్న ధర రాస్తాం. లోపల ఏముందో రాయడం తట్టదు. సూర్యారావుపేట ఆసుపత్రి రోగుల పరీక్షల ఫలితాలు ఉండవచ్చు, గవర్నర్‌పేట ఆడిటరు ఖాతాదారుల పాన్, బ్యాంకు వివరాలు ఉండవచ్చు. కాగితాల రోజుల్లో ఈ బెడద ఇంతగా లేదు. ఆడిటరు బీరువాను భుజాన వేసుకుని రైలెక్కగల దొంగ ఎవరూ లేరు.

పెట్టె ఖరీదు వేరు, సమాచారం ఖరీదు వేరని ప్రపంచానికి గట్టిగా తెలిసొచ్చింది 2006లో. ఆ ఏడాది మే నెలలో అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఉద్యోగి ఒకరి ఇంట్లో ల్యాప్‌టాప్, దానితోపాటు విడి హార్డ్ డిస్క్ చోరీ అయ్యాయి. వాటిలో సుమారు 2.65 కోట్ల మంది వివరాలున్నాయి, ఎన్‌క్రిప్షన్ (తాళపుచెవి లాంటి కీ లేకుండా ఎవరూ చదవలేనట్టు సమాచారాన్ని మార్చిపెట్టడం) లేదు. జూన్ చివర్లో రెండూ దొరికాయి. సమాచారాన్ని ఎవరూ తెరిచిన ఆనవాళ్లు లేవని తేల్చారు. అయినా 2009లో ఆ ప్రభుత్వం 2 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకోవలసి వచ్చింది.

నాకు అంతకన్నా ఆసక్తిగా తోచేది బ్రిటన్‌లోని నేషన్‌వైడ్ అనే పొదుపు, గృహరుణాల సంస్థ ఉదంతం. అక్కడా 2006లో ఉద్యోగి ఇంట్లోనే ల్యాప్‌టాప్ పోయింది. అందులో ఖాతాదారుల సమాచారం ఉందన్న సంగతే సంస్థకు తెలియదు. విచారణ మొదలుపెట్టింది మూడు వారాల తరువాత. 2007 ఫిబ్రవరిలో అక్కడి ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ 9.8 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. దొంగతనం జరిగినందుకు కాదు, ఆ అజాగ్రత్తకు.

తాళం అప్పటికే తయారవుతోంది. 2007లో విండోస్ విస్టాతో డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ వచ్చింది, కానీ ఖరీదైన రకాల్లోనే. ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో లాగిన్ పాస్‌వర్డే రక్షణ అనుకుంటూ వచ్చారు. డిస్క్ విప్పి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఆ పాస్‌వర్డ్ ఎందుకూ కొరగాదు. బిట్‌లాకర్ ఉంటే మాత్రం ఆ డిస్క్ తెరవడానికి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీని కాగితంపై రాసి అదే సంచిలో పెట్టుకునే మహానుభావులకు ఏ సాంకేతికతా సాయపడదు.

మన చట్టం నెమ్మదిగా కదిలింది. 2000 నాటి ఐటీ చట్టానికి చేసిన సవరణ 2009 అక్టోబరులో అమల్లోకి వచ్చాక సెక్షన్ 43ఎ వచ్చింది: సున్నితమైన సమాచారాన్ని కాపాడడంలో కంపెనీలు నిర్లక్ష్యం చూపి నష్టం కలిగిస్తే పరిహారం ఇవ్వాలి. ఏది సున్నితమో 2011 నిబంధనలు చెప్పాయి. పాస్‌వర్డ్‌లు, బ్యాంకు వివరాలు, ఆరోగ్య రికార్డులు అందులో ఉన్నాయి. కానీ మీ సమాచారం పోయిందని మీకు చెప్పాలన్న బాధ్యతను అవి పెట్టలేదు. ఈలోగా 2016లో వెలగపూడికి సచివాలయం వచ్చింది, 2020లో కరోనా ఆఫీసు పనిని ఇళ్లకు పంపింది. సమాచారం సంచుల్లో తిరగడం మామూలైపోయింది.

ఆ లోటును తీర్చింది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. సమాచారానికి ముప్పు వాటిల్లితే దాన్ని సేకరించిన సంస్థ ఈ చట్టం కింది సమాచార రక్షణ బోర్డుకూ, సంబంధిత వ్యక్తులకూ తెలపాలి. తగిన భద్రత పాటించకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండవచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే 2027 మే తరువాత ఆ ఆడిటరు పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఊరుకుంటే చాలదు, ఖాతాదారులందరికీ కబురు పెట్టాలి. అందుకు పోయిన పెట్టెలో ఎవరెవరి వివరాలున్నాయో ముందు ఆయనకు తెలిసి ఉండాలి.