మామిడిమానుకు మొలిచిన చెవి

చంద్రగిరి

చిన్నోడికీ పాపకూ తాత ఆశీస్సులు.

సెలవులకు వచ్చినప్పుడు బావికాడి మామిడిమాను చూసి, "తాతా, దీనికి చెవి మొలిచింది!" అన్నావు కదరా చిన్నోడా. పాప రాయి తీసుకుని దాన్ని ఊడగొట్టి, "ఇంక మానుకు జబ్బు పోయింది" అనేసింది. బస్సు వేళ కావడంతో నేనేమీ చెప్పలేకపోయాను. ఒకప్పుడు నేనూ అట్లాగే అనుకున్నానులే.

అది పుట్టగొడుగే. వాన పడ్డాక లేచి రెండు రోజులకే కుళ్లిపోయే మెత్తటి రకం కాదు, చెక్కలాగా గట్టిపడేది. వీటిలో కొన్ని ఏళ్ల తరబడి ఉండి, ఏటా కింద ఒక కొత్త పొర వేసుకుంటాయి. మామిడికి కాయ ఎట్లాగో శిలీంధ్రానికి ఆ చెవి అట్లాగు. అసలు శిలీంధ్రం మాను లోపల, కంటికి ఆనని పోగులుగా అల్లుకుని ఉంటుంది. కాయ కోస్తే చెట్టు చస్తుందా మరి?

దానికి పత్రహరితం లేదు కాబట్టి చెక్కనే తింటుంది. మానుకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ను కూడా కరిగించగల రకాలున్నాయి. అవి తిన్నచోట చెక్క తెల్లగా, పీచుపీచుగా మిగులుతుంది. ఇంకొన్ని లిగ్నిన్ జోలికి పెద్దగా పోకుండా చెక్కలోని పీచుపదార్థమైన సెల్యులోజ్‌ను తినేస్తాయి. అప్పుడు చెక్క గోధుమరంగుకు తిరిగి, ఎండిన చెరువు మట్టిలాగా పెళ్లలు పెళ్లలుగా పగులుతుంది.

గట్టుమీది చింతమాను సంగతి మీకు చెప్పలేదు. మీ నాయన చిన్నప్పుడు దాని పెద్దకొమ్మ ఒకటి కొట్టించాను. ఆ గాయంలోనుంచే దూరిందనుకుంటా. కొన్నేళ్లకు చెవులు మొలిచాయి. నేను ఏటా వాటిని గీకేసి, సున్నం పూసి, నయమైందని మురిసిపోయేవాణ్ణి. లోపల డొల్ల పడింది. చిలుకలకు మాత్రం అది మంచి ఇల్లే అయింది. మాను మధ్యలోని చేవ ఎట్లాగూ ప్రాణం లేని చెక్కే కాబట్టి పైన ఆకు పచ్చగానే ఉండేది, కాయా కాసేది. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగిన ఆ వానలకు రాత్రికి రాత్రే మోటారు కొట్టం మీద పడిపోయింది.

ఆ దుంగ ఇంకా అక్కడే ఉంది. దాని మీద పాత చెవులు నిట్టనిలువుగా తిరిగి ఉంటాయి, పడ్డాక మొలిచినవి నేలకు సమాంతరంగా ఉంటాయి. ఎందుకంటే అడుగున ఉండే సన్నటి రంధ్రాలు ఎప్పుడూ కిందికే చూడాలి, శిలీంధ్రానికి విత్తనాల్లాంటి సిద్ధబీజాలు రాలేది వాటిలోనుంచే. గానోడెర్మా అనే చెక్క పుట్టగొడుగుల్లో ఒక పెద్ద రకం రోజుకు 3,000 కోట్ల దాకా వదులుతుందని లెక్కగట్టారు. కాఫీ పొడి చల్లినట్టు ఉంటుంది కింద.

తినొచ్చా అని అడిగావు కదా పాపా. వద్దు తల్లీ. గానోడెర్మాలోనే ఒక జాతిని రీషి అని పొడి చేసి అమ్ముతారు. అన్ని రోగాలకూ అదే మందనే మాట నాకైతే నమ్మబుద్ధి కాదు. నిప్పు చేసుకోవడానికి మాత్రం భలే పనికొచ్చింది. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన 5,000 ఏళ్లకు పైబడిన మనిషి దగ్గర రెండు రకాల చెట్టు పుట్టగొడుగులున్నాయి. మన పెద్దలు చెకుముకి రాయికి దూది పెట్టినట్టు, వాటిలో ఒకదాన్ని నిప్పురవ్వ పట్టడానికి వాడేవాళ్లు.

మామిడిమానును నేను కొట్టించను, కాయనీ. ఊయల మాత్రం ఈసారి వేపమానుకు కడతా. పాప సంచిలో వేసుకుపోయిన ఆ ముక్క ఇంకా ఉంటే, తిరగేసి భూతద్దంతో చూడండి.

మీ తాత