ట్యాబు వచ్చింది, రిజిస్టరు పోలేదు

ఆరోగ్య వివరాలు ఎక్కించే యాప్‌ల భారం తగ్గించాలన్నది పల్లెల్లో తిరిగే ప్రభుత్వ నర్సులైన ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తల ధర్నాల్లో ఇప్పుడు తరచూ వినిపించే డిమాండు. ఫోను వాడటం చేతకాక చేస్తున్న గోల అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఈ తగవుకు పాతికేళ్ల చరిత్ర ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కంప్యూటర్ మోజు జోరుగా సాగుతున్న కాలమది. వర్ణవివక్ష పాలన ముగిశాక దక్షిణాఫ్రికాలో పుట్టిన డీహెచ్‌ఐఎస్ అనే ఆరోగ్య సమాచార సాఫ్ట్‌వేర్ మన దేశంలో మొదట అడుగుపెట్టింది కుప్పంలోనే. 2000 సంవత్సరం చివర్లో తొమ్మిది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో మొదలుపెట్టారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే నల్లగొండ జిల్లాలో ఏఎన్‌ఎంలకు అరచేతిలో ఇమిడే కంప్యూటర్లు ఇచ్చి చూశారు. ఊళ్లలో మామూలు సెల్‌ఫోనే అపురూపంగా ఉన్న రోజులవి! రాతపని తగ్గించడమే వాటి ఉద్దేశం. ఆ ప్రయోగం రాష్ట్రమంతటికీ పాకలేదు.

ఆ రాతపని ఎలాంటిదో చూడాలి. అర్హులైన దంపతులకు ఒక రిజిస్టరు, గర్భిణులకు ఒకటి, టీకాలకు ఒకటి, కాన్పులకు ఇంకొకటి, మందుల నిల్వకు మరొకటి. ఒకే మనిషి పేరు, భర్త పేరు, వయసు నాలుగు చోట్ల ఎక్కుతాయి. నెలాఖరున గీతలు లెక్కపెట్టి, మొత్తాలు వేసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) పంపాలి. పైవాళ్లకు కావలసింది అంకె. ఊళ్లో సబ్‌సెంటరులో కూర్చున్న ఏఎన్‌ఎంకు కావలసింది పేరు: ఈ వారం ఏ ఇంటి పిల్లకు టీకా వేయాలన్నది. వచ్చిన సాఫ్ట్‌వేర్లలో చాలావరకు మొదటి అవసరాన్నే చూశాయి.

2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు, ఆ తర్వాత వచ్చిన 104 ఆరోగ్య సేవ ఎందుకు అంత త్వరగా జనంలోకి వెళ్లాయో ఇక్కడే తెలుస్తుంది. అక్కడ ఫోను రోగి చేతిలో ఉంది. అంబులెన్సు పిలవడానికి సబ్‌సెంటరు రిజిస్టరుతో పనిలేదు.

2009లో కేంద్రం తల్లీబిడ్డలను పేరుపేరునా నమోదు చేసే ఎంసీటీఎస్ తెచ్చింది. ఆలోచన మంచిదే. అయితే ఏఎన్‌ఎం చేత్తో రాసింది పీహెచ్‌సీలో డేటా ఎంట్రీ ఆపరేటర్ దగ్గర వరుసలో ఆగేది. అది కంప్యూటర్లోకి ఎక్కేసరికి టీకా తేదీ దాటిపోయిన సందర్భాలకు కొదవ లేదు. ఈ జాప్యం తప్పించడానికే 2016లో యూనిసెఫ్ తోడ్పాటుతో అన్‌మోల్ యాప్ వచ్చింది. ముందుగా అమలైంది ఆంధ్రప్రదేశ్‌లోనే. నెట్‌వర్క్ లేకపోయినా ట్యాబులో నమోదు చేసుకోవచ్చు, సిగ్నల్ దొరికినప్పుడు పంపవచ్చు. నిజంగా పనికొచ్చే ఏర్పాటు. కానీ తనిఖీకి వచ్చిన అధికారి ‘రిజిస్టరు చూపించమ్మా’ అంటే ట్యాబు చూపిస్తే సరిపోదు. దాంతో పగలు పుస్తకంలో రాత, సాయంత్రం ట్యాబులో నమోదు, వెరసి పని రెట్టింపయింది.

దీనికి తోడు క్షయకు ఒక పోర్టల్, బీపీ, షుగరు పరీక్షలకు మరో యాప్. ప్రతి పథకానికీ తన నిధులు, తన అధికారులు, తన లెక్కలు. పక్క పథకం యాప్‌లో ఆ మనిషి వివరాలు ఇప్పటికే ఉన్నాయా అని ఆరా తీసేవారు లేరు. సాంకేతికతను తప్పుపట్టే ముందు ఈ కార్యాలయాల గోడలను చూడాలి.

ఇది మన ఒక్కరి రోగమూ కాదు. ఉగాండాలో ఒక్కో దాత సంస్థ ఒక్కో ఫోను ప్రయోగం పెట్టి దేశాన్ని నింపేస్తే, 2012 జనవరిలో అక్కడి ఆరోగ్య శాఖ అన్నిటినీ ఆపమంది. జాతీయ వ్యవస్థతో కలిసేవాటికే అనుమతి అని తేల్చింది. మన దగ్గర అంత గట్టిగా చెప్పినవారు నాకైతే కనిపించలేదు.

2017 జూన్‌లో తెలంగాణ తెచ్చిన కేసీఆర్ కిట్ పథకం మరో దారి పట్టింది. మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేలు విడతలవారీగా ఇచ్చేవారు. ఆ డబ్బు గర్భిణి వివరాల ఆన్‌లైన్ నమోదుతో ముడిపడి ఉండటంతో, తన పేరు ఎక్కిందో లేదో ఆమే వచ్చి అడిగేది.

2021లో దేశమంతటా మొదలైన డిజిటల్ హెల్త్ మిషన్ ఈ విడివిడి రికార్డులను ఒక్కొక్కరికీ ఇచ్చే ‘ఆభా’ అనే ఆరోగ్య గుర్తింపు నంబరుతో కలుపుతానంటోంది. ఆధార్‌తో ఆ నంబరు తీసేటప్పుడు మామూలుగా ఓటీపీ అడుగుతుంది. ముసలామె ఊళ్లో ఉంటుంది, ఆధార్‌కు జతచేసిన ఫోను హైదరాబాద్‌లో కొడుకు దగ్గర. అతను డ్యూటీలో ఉంటే ఏఎన్‌ఎం మళ్లీ రావలసిందే.