మధ్యలో చప్పట్లు కొడితే తప్పా?

పోయిన ఆదివారం సికింద్రాబాద్‌లో ఒక చిన్న హాల్లో ఒకబ్బాయి తను రాసుకున్న పియానో సంగీతాన్ని తనే వాయించాడు. మొదటి భాగం అవ్వగానే నా పక్కనున్న పెద్దావిడ ఆహా అంటూ చప్పట్లు కొట్టారు. ముందు వరుసలోంచి ఒకాయన వెనక్కి తిరిగి "ష్" అన్నారు. "అయిపోయిందనుకున్నానండీ" అని ఆవిడ నాతో మెల్లగా అని చేతులు ఒళ్లో పెట్టేసుకున్నారు. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే భాగాల మధ్య చప్పట్లు కొట్టకూడదన్న ఆ రూల్ మొదటి నుంచీ ఉన్నది కాదు.

1778లో పారిస్‌లో తన సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసిన రచన) మొదటి భాగం నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని సంగీతకర్త మొజార్ట్ తండ్రికి సంతోషంగా ఉత్తరం రాశాడు. నచ్చకపోయినా అంతే, వెంటనే తెలిసిపోయేది. 1859 జనవరి 27న లైప్‌జిగ్‌లో పాతికేళ్ల జర్మన్ సంగీతకర్త బ్రామ్స్ తన మొదటి పియానో కాన్సర్టో (వాద్యబృందంతో కలిసి పియానో వాయించే రచన) తనే వాయిస్తే, చివర్లో చప్పట్లు కొట్టబోయింది ముగ్గురే, అంతలోనే అన్నివైపుల నుంచీ బుసలు. ఆ సంగతి వయొలిన్ వాయించే స్నేహితుడు యోఆకిమ్‌కి దాచకుండా రాశాడు.

రష్యన్ సంగీతకర్త, పియానిస్టు రాఖ్మానినోవ్ కచేరీల్లో జనం దగ్గుల సంగతి ఇంకా చిత్రం. 1931లో ఇటలీ సంగీతకర్త కొరెల్లి పేరు మీద ఒక పాత ట్యూన్‌ని ఇరవై రకాలుగా తిప్పి రాసి, కచేరీల్లో వాయిస్తూ, హాల్లో దగ్గులు పెరిగితే తర్వాతది వదిలేసేవాడు, ఎవరూ దగ్గకపోతే వరసగా వాయించేవాడు. ఒక చిన్న ఊళ్లో అందరూ ఎంత దగ్గారంటే పదితోనే సరిపెట్టాడు. న్యూయార్క్‌లో 18 దాకా వెళ్లాడు, అదే తన రికార్డు అని తోటి సంగీతకర్త మెట్నర్‌కి రాశాడు. రాసింది ఆయన, వాయించేదీ ఆయనే, అయినా ఎంతవరకు వాయించాలో తేల్చింది కుర్చీల్లో కూర్చున్నవాళ్లు. పంతొమ్మిదేళ్లప్పుడు రాసిన చిన్న పియానో ముక్క, సి షార్ప్ మైనర్ ప్రెల్యూడ్‌ని మాత్రం ఎక్కడికెళ్లినా అడిగి మరీ వాయించుకునేవాళ్లు, ఆయనకి విసుగు పుట్టేదాకా.

భాగాల మధ్య మౌనం 19వ శతాబ్దం చివర్లో మెల్లగా మొదలై 20వ శతాబ్దంలో గట్టిపడింది. మొత్తం రచనని ఒకే ధారగా వినాలన్న ఆలోచన అది, తప్పని నేననను. కానీ మన కచేరీల్లో తనియావర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) అవ్వగానే, పాట ఇంకా పూర్తికాకముందే చప్పట్లు కొడతాం, తొడ మీద తాళం వేస్తాం, రవీంద్రభారతిలో దానికెవరూ ష్ అనరు. రాసినవాడే పాడితే వాగ్గేయకారుడని మనకి ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. బాలమురళీకృష్ణ తన తిల్లానా తనే పాడుతుంటే చేతులు కట్టుకుని ఎవరు కూర్చోగలిగారు?

ఆ ఆదివారం చివరి ముక్క చాలా మెల్లగా ఆగింది. అయిపోయిందో లేదో తెలియక ఎవరూ కదల్లేదు. ఆ అబ్బాయి పెడల్ మీంచి కాలు తీసి, లేచి మావైపు తిరిగాకే చప్పట్లు మొదలయ్యాయి. పెద్దావిడ మాత్రం ముందు వరుస వైపు ఒకసారి చూసుకుని, అప్పుడు చేతులు కలిపారు.