ఆ నేలకు పరాయి ద్రాక్ష

దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్ ఒకప్పుడు చవక వైన్‌కే పేరు. 1907లో ధరలు కుప్పకూలి అక్కడి ద్రాక్ష రైతులు లక్షల్లో రోడ్డెక్కారు. ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు దిగుబడి ఎంత, లీటరు ఎంత అన్న లెక్కే నడిచింది. అలాంటి చోట ఇరవై ఏళ్లు దాచినా చెడని రెడ్ వైన్ తయారుచేసి పేరు తెచ్చుకుంది మాస్ ద దోమా గసాక్ ఎస్టేట్. కానీ ప్రభుత్వ గుర్తింపుల్లో పై మెట్టు దానికి ఇప్పటికీ లేదు.

ఆ ఎస్టేట్ పెట్టిన ఎమే గిబేర్‌ది తోలు వ్యాపారం. 1970ల మొదట్లో భార్య వెరోనిక్‌తో కలిసి ఆనియాన్ ఊరి దగ్గర పొలం కొన్నారు. వైన్ ఆలోచనకు ఊపునిచ్చింది, మేలురకం వైన్‌లకు పేరుపడ్డ ఫ్రెంచ్ ప్రాంతం బోర్డోకు చెందిన భూగోళ శాస్త్రవేత్త ఆన్రి ఆంజల్బేర్. పొదల కింద ఆయనకు కనిపించింది లోతైన ఎర్రటి పొడిమట్టి. నీరు నిలవదు కాబట్టి వేళ్లు కిందికి పోవాల్సిందే. రాత్రయితే లార్జాక్ పీఠభూమి వైపు నుంచి చల్లగాలి దిగుతుంది. ఎండకు తీపి ఎక్కినా కాయలో పులుపు చావదు.

గిబేర్ ఎక్కువగా నాటింది బోర్డో రకం కాబర్నే సావిన్యాన్. 1978లో తొలి వైన్‌కు వైన్ నిపుణుడు ఎమీల్ పెయ్నో సలహా ఇచ్చారు, బోర్డోలో ఆయన మాటకు తిరుగులేదు. ఈ వైన్ లేతగా ఉన్నప్పుడు వగరు నాలుకను పట్టేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది.

చిక్కంతా ఆ ద్రాక్షతోనే. మన జీఐ ట్యాగ్ లాంటి ఫ్రెంచ్ గుర్తింపులో ఏ ప్రాంతంలో ఏ రకం వాడాలో కూడా రాసి ఉంటుంది. లాంగ్‌డాక్ జాబితాలో గ్రెనాష్, సిరా, కారిన్యాన్ ఉన్నాయి, కాబర్నే లేదు. అందుకే మొదట మామూలు టేబుల్ వైన్‌గా, తర్వాత ‘వాన్ ద పేయి’ అనే కింది తరగతిలో అమ్మారు. 1982లో గో-మియో పత్రిక దీన్ని బోర్డో దిగ్గజం లాఫీట్‌తో పోల్చింది. లేబుల్ మాత్రం మారలేదు. నా దృష్టిలో ఇది గిబేర్‌కు నష్టం కాదు, ఉచిత ప్రచారం.

2000లో కాలిఫోర్నియా వైన్ కంపెనీ రాబర్ట్ మాండవి ఆనియాన్ పక్కనున్న ఆర్బుసాస్ అడవిలో తోట వేస్తానంది. గిబేర్ గట్టిగా ఎదురుతిరిగారు. బయటి నుంచి వచ్చి బయటి ద్రాక్ష నాటిన మనిషే అన్నమాట! 2001 మార్చి ఎన్నికల్లో ప్రాజెక్టును సమర్థించిన మేయర్ ఓడిపోయారు, కంపెనీ వెనక్కి తగ్గింది. గిబేర్ ఎదిరించింది అడవి కోసమా, పోటీ భయంతోనా అన్న వాదన ఆగలేదు.

గిబేర్ 2016లో మరణించారు. అంతకు రెండేళ్ల ముందే ఆ చుట్టుపక్కల నేలకు ‘తెరాస్ దు లార్జాక్’ పేరిట పై మెట్టు గుర్తింపు వచ్చింది. అందులోనూ కాబర్నేకు చోటు లేదు.