ప్రత్యేకమైన క్విల్ట్‌కి బట్ట, డిజైన్ ఎంచుకోవడం: అపోహలు - వాస్తవాలు

క్విల్ట్ (బట్ట ముక్కలు అతికి, లోపల మెత్తటి పొర పెట్టి కుట్టే బొంత) కుట్టించుకోవాలని వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది మొదట అడిగేది "ఏ డిజైన్ బాగుంటుంది?" అని. నేను తిరిగి అడిగేది "దీన్ని ఎవరు వాడతారు, ఎన్నాళ్ళకోసారి ఉతుకుతారు?" అని. పెళ్ళి కానుకైనా, పోయినవాళ్ళ జ్ఞాపకమైనా, పుట్టబోయే బిడ్డ కోసమైనా నేను వెళ్ళే వరస ఒకటే: ముందు వాడకం, తర్వాత బట్ట, ఆ తర్వాతే డిజైన్. ఈ వరస తిరగబడటానికి కారణం కొన్ని గట్టి నమ్మకాలు. వాటిలో నాకు తరచుగా ఎదురయ్యేవి ఇవి.

అపోహ: ప్రత్యేకమైన క్విల్ట్ అంటే పట్టుతోనో, బాగా ఖరీదైన బట్టతోనో కుట్టాలి

ఖరీదుకీ మన్నికకీ పెద్ద సంబంధం లేదు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో 'క్రేజీ క్విల్ట్'ల మోజు విపరీతంగా నడిచింది. పట్టు, వెల్వెట్, శాటిన్ ముక్కల్ని అడ్డదిడ్డంగా అతికి, అతుకుల మీద రంగు దారాలతో ఎంబ్రాయిడరీ చేసేవారు. ఇప్పుడు మిగిలినవాటిని చూస్తే, వెల్వెట్ ముక్క నిక్షేపంలా ఉన్నచోట కూడా దాని పక్కనున్న పట్టు ముక్క పీలికలై ఉంటుంది. పట్టు దారం మీది సహజమైన జిగురు తీసేస్తే బరువు తగ్గుతుంది. ఆ బరువు పూడ్చడానికి అప్పటి తయారీదారులు తగరం, ఇనుము లవణాలు ఎక్కించేవారు. బట్ట చేతికి నిండుగా తగిలేది, కానీ ఆ లవణాలే పోగుని లోపల్నుంచి తినేశాయి. పెట్టెలో భద్రంగా దాచినా ఆగలేదు.

అన్ని పట్టులూ ఇలాంటివే అని కాదు. కానీ ఇంట్లో దాచిన పాత పట్టుబట్ట తెచ్చి "ఇది వెయ్యండి" అంటే, నేను ముందు మడతల దగ్గర చూస్తాను. బట్టని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే మడత వెంట సన్నటి గీతల్లా వెలుగు కనిపిస్తుందా? రెండు చేతుల్తో మెల్లగా లాగితే చిటచిటమని శబ్దం వస్తుందా? అయితే అది కప్పుకునే క్విల్ట్‌కి పనికిరాదు. ఫ్రేములో పెట్టుకుని చూసుకోవచ్చు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉంది. అక్కడ గీస్ బెండ్ అనే పల్లెలో మిస్సోరి పెట్వే అనే ఆవిడ 1942లో, చనిపోయిన భర్త పొలంలో వేసుకున్న బట్టలతో ఒక క్విల్ట్ కుట్టింది. వెలిసిపోయిన డెనిమ్, మాసిపోయిన కాటన్, పెద్ద పెద్ద పట్టీలు. అంతే. ఈ రోజు క్విల్ట్‌ల గురించి మాట్లాడేవాళ్ళు గౌరవంగా తలుచుకునే వాటిలో అదొకటి. ఆ ఊరి ఆడవాళ్ళ క్విల్ట్‌లని 2002 నుంచి పెద్ద పెద్ద మ్యూజియంలు ప్రదర్శించాయి. 2006లో వాటి బొమ్మలతో అమెరికా తపాలా బిళ్ళలు కూడా వచ్చాయి.

అపోహ: కాటన్ తప్ప ఇంకేదీ వాడకూడదు

ఉతికి వాడే క్విల్ట్‌కి కాటన్ సులువు, నిజమే. కుట్టు నిలుస్తుంది, ఇస్త్రీకి లొంగుతుంది, ముక్క జారదు. కానీ అది నియమం కాదు. 1987లో మొదలైన ఎయిడ్స్ స్మారక క్విల్ట్‌లో ఒక్కో భాగం 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు ఉంటుంది. వాటిలో జీన్స్, తోలు, లేసు, చమ్కీలు అన్నీ కనిపిస్తాయి. అది చూడటానికి చేసింది కాబట్టి ఏదైనా చెల్లింది. వాషింగ్ మెషీన్‌లోకి వెళ్ళేదానికి ఆ స్వేచ్ఛ ఉండదు.

కలపాలనుకుంటే చూడాల్సింది బట్ట పేరు కాదు, బరువు. మందపాటి డెనిమ్ పక్కన పల్చటి వాయిల్ పెడితే ఉతికిన ప్రతిసారీ డెనిమ్ దాన్ని లాగుతుంది. కొన్నాళ్ళకి కుట్టు పక్కన పోగులు విచ్చుకుంటాయి. పల్చటిది తప్పనిసరిగా కావాలంటే దాని వెనక ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే అస్తరు) వేసి బలం ఇవ్వాలి.

టీషర్టులకైతే ఫ్యూజింగ్ లేకుండా నేను కత్తెర పట్టను. హోజరీ బట్ట సాగుతుంది, కోసిన అంచు చుట్టుకుపోతుంది. ముందు కావలసిన కొలత కంటే అన్ని వైపులా అంగుళం ఎక్కువగా కోసుకుని, వెనక పల్చటి ఫ్యూజింగ్ అతికించి, చల్లారాక అసలు కొలతకి కోయాలి. ఇస్త్రీ వెనకవైపు నుంచే చేయాలి. ప్రింటు ఉన్న వైపు పెట్టారంటే అది కాస్తా ఇస్త్రీపెట్టెకి అంటుకుపోతుంది.

అపోహ: ఉప్పునీళ్ళలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు దిగదు

దీన్ని నమ్మనివాళ్ళు నాకు ఇంతవరకూ తారసపడలేదు. కాటన్‌కి ఇప్పుడు ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులు అద్దకం తొట్టిలోనే, క్షారం సాయంతో నూలుకి రసాయనికంగా అతుక్కుంటాయి. ఆ తొట్టిలో ఉప్పు వేస్తారు, నిజమే. కానీ దాని పని రంగుని నీళ్ళలోంచి బట్ట మీదకి తోలడం వరకే. అద్దకం అయిపోయి బట్ట మన చేతికి వచ్చాక ఉప్పుకి అక్కడ చేసే పనేమీ ఉండదు. వెనిగర్ సంగతీ అంతే. ఉన్ని, పట్టు లాంటివాటికి వేసే ఆసిడ్ రంగులు పట్టడానికి పులుపు అవసరం. తయారైపోయిన కాటన్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మరి నీళ్ళలోకి దిగే ఆ రంగేమిటి? చాలావరకు అద్దకంలో అతుక్కోకుండా పైపైన మిగిలిపోయిన రంగు. దాన్ని 'పట్టించడం' కాదు, వదిలించడమే మార్గం. వేడినీళ్ళలో, కొద్దిగా డిటర్జెంట్‌తో, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకాలి.

కోయడానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ముదురు ఎరుపు, నీలం, నలుపు, ఊదా రంగుల్లో ప్రతిదాన్నుంచీ రెండంగుళాల ముక్క తీసుకుని, గ్లాసు వేడినీళ్ళలో రెండు చుక్కల డిటర్జెంట్ వేసి అరగంట వదిలేయండి. నీళ్ళు రంగు మారితే ఆ తడి ముక్కని తెల్ల కాటన్ మీద పరిచి ఆరనివ్వండి. నీళ్ళలో రంగు కనిపించి తెల్లబట్ట మీద మరక లేకపోతే అంత టెన్షన్ అక్కర్లేదు. మరక పడితే ఆ బట్టని విడిగా ఉతికి మళ్ళీ పరీక్షించాలి. మూడుసార్లు ఉతికినా మరక పడుతూనే ఉంటే ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేస్తాను, ముఖ్యంగా ఆ క్విల్ట్‌లో తెలుపు ఉంటే. ఇంకో మాట, రంగు అంటుకునేది ఎక్కువగా తడి బట్ట కదలకుండా పడి ఉన్నప్పుడు. ఉతికిన క్విల్ట్‌ని ముద్దగా మెషీన్‌లో వదిలేయకండి.

అపోహ: కొత్త బట్టని తప్పనిసరిగా ముందే ఉతకాలి

కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి అయిదు వంతులు కుంచించుకుపోవడం మామూలే. 60 అంగుళాల వెడల్పులో అది రెండు మూడు అంగుళాలు. అన్నీ కొత్త కాటన్ ముక్కలే అయి, లోపలి బ్యాటింగ్ (పై బట్టకీ వెనక బట్టకీ మధ్య పరిచే మెత్తటి పొర) కూడా కాటనే అయితే అన్నీ కలిసి కుంచించుకుంటాయి. చిన్న చిన్న ముడతలతో పాత క్విల్ట్ అందం వస్తుంది. కొందరికి అదే ఇష్టం. అలాంటప్పుడు ఉతకక్కర్లేదు, రంగు పరీక్ష చేస్తే చాలు. కానీ వందసార్లు ఉతికిన నాన్నగారి చొక్కా పక్కన కొత్త బట్ట పెడుతుంటే మాత్రం కొత్తదాన్ని ముందు ఉతకాల్సిందే. లేకపోతే అది ముడుచుకుని, పాతదాన్ని తనవైపు లాక్కుంటుంది. ముందే కొలతకి కోసి అమ్మే చిన్న ముక్కల్ని ఉతకొద్దు. అంచులు ఊడి, కొలత పోతుంది.

అపోహ: రంగులు మ్యాచ్ అయితే డిజైన్ దానంతటదే కనిపిస్తుంది

డిజైన్‌ని కంటికి చూపించేది లేత-ముదురు తేడా. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టి చూడండి, ఎంతో తేడాగా ఉంటాయి. వాటినే ఫోనులో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేయండి. రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయంటే, ఆ రెండింటితో కుట్టిన నక్షత్రం పది అడుగుల దూరం నుంచి నక్షత్రంలా కనబడదు.

'లాగ్ క్యాబిన్' అనే పాత డిజైన్ మొత్తం ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది. మధ్యలో చిన్న చతురస్రం, దాని చుట్టూ పట్టీలు, ఇవన్నీ కలిస్తే ఒక బ్లాకు. ఒక మూలకి అటూ ఇటూ లేతవి, ఎదురు మూలకి ముదురువి. బ్లాకులన్నీ ఒకటే, కానీ ఎటు తిప్పి అమరుస్తామన్నదాన్ని బట్టి క్విల్ట్ మీద వజ్రాలు వస్తాయి, ఏటవాలు చారలు వస్తాయి. వందరకాల బట్టలు కలిసినా గజిబిజి అనిపించదు, లేతవి లేతవైపు, ముదురువి ముదురువైపు ఉంటే చాలు. ఇంటిల్లిపాది పాత బట్టలూ మూటగట్టి తెచ్చేవాళ్ళకి నేను ముందు చూపించేది దీన్నే.

అపోహ: ముక్కలు ఎంత చిన్నవైతే, డిజైన్ ఎంత కష్టమైతే కానుక అంత గొప్పది

లెక్క చూద్దాం. 60 × 72 అంగుళాల క్విల్ట్‌ని కుట్టాక 6 అంగుళాలు ఉండే చతురస్రాలతో చేస్తే 120 ముక్కలు. 2 అంగుళాలవైతే 1,080. శ్రమ సంగతి అలా ఉంచండి, బట్ట ఎంత పోతుందో చూడండి. ప్రతి ముక్కకీ నాలుగువైపులా పావు అంగుళం కుట్టులోకి వెళ్తుంది. 6 అంగుళాల చతురస్రానికి ఆరున్నర కోస్తాం, అంటే కనిపించే బట్ట కంటే సుమారు 17 శాతం ఎక్కువ. 2 అంగుళాలదానికి రెండున్నర కోస్తాం, అంటే 56 శాతం ఎక్కువ.

కొత్త బట్టైతే ఇంకొంచెం కొనుక్కోవచ్చు. ఉన్నవి మూడే చొక్కాలు, ఆ మనిషి ఇక లేరు అన్నప్పుడు, చిన్న ముక్కల డిజైన్ ఎంచుకోవడమంటే ఆ బట్టలో మూడో వంతుకి పైగా ఎవరికీ కనబడకుండా కుట్టుల వెనక్కి పంపడమే. పైగా పెద్ద పువ్వుల ప్రింటుని రెండంగుళాలకి కోస్తే ఆ పువ్వేదో ఎవరూ గుర్తుపట్టరు. చొక్కాని చూడగానే "ఇది తాతయ్యది" అనాలంటే ముక్క కాస్త పెద్దదిగా ఉండాలి.

చొక్కాలో ఎక్కువ బట్ట వచ్చేది వీపు భాగం నుంచి, తర్వాత చేతుల నుంచి. జేబుని విప్పకుండా బ్లాకు మధ్యలో ఉంచేస్తే బాగుంటుంది. వాడిన బట్ట మెత్తగా సాగుతూ ఉంటుంది కాబట్టి కోసే ముందు గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. పడుగు దారం వెంట సరిచూసుకుని కోయండి. క్రాస్‌గా (పోగులకి ఏటవాలుగా) పడ్డ అంచు కుట్టేటప్పుడు సాగి, బ్లాకు వంకర తిరుగుతుంది.

త్రిభుజాలంటే భయం కూడా ఈ క్రాస్ అంచు వల్లే. రెండు చతురస్రాల్ని మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, మూల నుంచి మూలకి గీత గీసి, గీతకి రెండు వైపులా పావు అంగుళం దూరంలో కుట్టి, ఆ తర్వాత గీత మీద కోస్తే సరి. క్రాస్ అంచు కుట్టాకే బయటపడుతుంది, సాగే అవకాశం ఉండదు. కుట్టాక 4 అంగుళాలు రావాలంటే 5 అంగుళాల చతురస్రాలు తీసుకుని, విప్పాక నాలుగున్నరకి సరిచేసుకోండి.

అపోహ: ప్రతి డిజైన్‌కీ ఒక పాత అర్థం ఉంది, తప్పు డిజైన్ ఎంచుకుంటే అపశకునం

ఒకే డిజైన్‌కి ఊరికో పేరు ఉండేది, ఇక దానికి ఒకే పాత అర్థం ఎక్కడిది? ఇప్పుడు స్థిరపడిన పేర్లలో చాలావాటిని ప్రచారంలోకి తెచ్చింది పత్రికలు, కేటలాగులు. 'కాన్సాస్ సిటీ స్టార్' అనే అమెరికా పత్రిక ఒక్కటే 1928 నుంచి 1961 దాకా క్విల్ట్ డిజైన్లు వేస్తూ వచ్చింది. "దేవుడొక్కడే పరిపూర్ణుడు కాబట్టి పాతకాలం వాళ్ళు కావాలనే ఒక ముక్క తప్పుగా కుట్టేవారు" అనే కథకి కూడా చరిత్రకారులకి ఆధారం దొరకలేదు. తప్పులు వాటంతటవే వస్తాయి, వాటి కోసం ప్లాన్ చేయక్కర్లేదు.

అపోహ: పుట్టబోయే బిడ్డ పడుకోవడానికి మెత్తటి, మందపాటి క్విల్టే మంచి కానుక

ఏడాది లోపు పిల్లలు నిద్రపోయే చోట క్విల్ట్‌లు, వదులుగా ఉండే దుప్పట్లు ఉండకూడదని అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. కాబట్టి పసిపిల్లల కోసం కుట్టేదాన్ని, పెద్దవాళ్ళు పక్కనుండగా నేలమీద పరిచి ఆడించడానికో, గోడకి వేలాడదీయడానికో అనుకుని కుట్టండి. అప్పుడు మందం అవసరం లేదు, పల్చటి బ్యాటింగ్ చాలు. గుండీలు, రిబ్బన్లు, పూసలు వద్దు. వారానికి రెండుసార్లు ఉతుకుతారు కాబట్టి రంగు పరీక్షలో నెగ్గిన కాటన్లే వాడండి.

అపోహ: లోపల ఏముంది, వెనక ఏముంది అన్నది ఎవరూ చూడరు

బ్యాటింగ్ ప్యాకెట్ మీద 'కుట్లు ఇంత దూరానికి మించకూడదు' అని ఉంటుంది. కొన్నిటికి మూడు నాలుగు అంగుళాలు, కొన్నిటికి ఎనిమిది పది. పెద్ద పెద్ద సాదా ముక్కల డిజైన్ ఎంచుకుని, వాటి మధ్య కుట్లు వేయకుండా వదిలేయాలనుకుంటే రెండో రకమే కొనాలి. మొదటిది వేశారంటే నాలుగు ఉతుకులకి లోపల ఉండలు కడుతుంది. ముదురు రంగు బట్టల కింద తెల్ల పాలియెస్టర్ బ్యాటింగ్ వేస్తే సన్నటి తెల్లటి నూగు పైకి పొడుచుకొస్తుంది. నల్ల బ్యాటింగ్ కూడా దొరుకుతుంది, అడగండి.

వెనక బట్టగా మంచం దుప్పటి వేసేద్దామని చాలామంది అంటారు. మెషీన్ కుట్టుకి ఫర్వాలేదు. చేత్తో కుట్టేవాళ్ళకి మాత్రం అంత దట్టమైన నేతలోకి సూది దిగక వేళ్ళు నొప్పెడతాయి. క్విల్టింగ్‌కి వాడే కాటన్‌లో అంగుళానికి నిలువుగా, అడ్డంగా అరవై డెబ్భై పోగులే ఉంటాయి. వెనక బట్టని పై భాగం కంటే నాలుగువైపులా నాలుగంగుళాలు ఎక్కువ ఉంచుకోండి. కుట్టేటప్పుడు అది లోపలికి లాక్కుంటుంది. పైన లేత రంగులుంటే వెనక ముదురు ప్రింటు వద్దు, బ్యాటింగ్ పల్చగా ఉంటే నీడలా కనిపిస్తుంది. చేతి కుట్టు అంత తిన్నగా రాదనుకునేవాళ్ళు వెనక చిన్న చిన్న పువ్వుల బట్ట వేసుకుంటే కుట్టు అందులో కలిసిపోతుంది.