చిన్న పెట్టెలో పెద్ద ఇల్లు

పిల్లలూ,

డాక్టర్ హూ అనే టీవీ సీరియల్‌లో కాలంలో తిరిగే ఓడ టార్డిస్‌ని మీరు గీసి పంపిన బొమ్మలు అందాయి. తీరిగ్గా చూశాను. రంగులు బాగున్నాయి, మీ ఓపిక ఇంకా బాగుంది. కానీ ఒక మాట చెప్పాలి. మీ అందరి ఓడల్లోనూ గోడల నిండా లైట్లు, బల్ల నిండా బటన్లు, అంతే. అందులో ఎవరో ఉంటున్నట్టు లేదు. ఆ బటన్ ఎవరు నొక్కుతారు, నొక్కేటప్పుడు ఎక్కడ నిలబడతారు, కాళ్లు పీకితే ఎక్కడ కూర్చుంటారు అని అడిగితే మీ బొమ్మ దగ్గర జవాబు లేదు. ఇళ్ల ప్లాన్లు గీసి బతికినవాణ్ని కదా, నా కళ్లకి ముందు కనిపించేవి అవే.

మీలో ఈ సీరియల్ చూడనివాళ్లు కూడా ఉన్నారు కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం. డాక్టర్ హూ 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలైంది. డాక్టర్ అనే ఆయన వేరే గ్రహం నుంచి వచ్చినవాడు. కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే ఆయన ఓడ పేరు టార్డిస్. ఎక్కడికి వెళ్తే అక్కడ ఎవరికీ అనుమానం రాని వస్తువులా అది వేషం మార్చుకోవాలి. 1963 లండన్‌లో పోలీసు పెట్టె వేషం వేసింది, ఆ వేషం మార్చే యంత్రం పాడైపోయి అదే నీలం పెట్టెలా ఉండిపోయింది. ఇది కథలో చెప్పే కారణం. తెర వెనక కారణం డబ్బు. కథకో కొత్త ఓడ చేయించడానికి వాళ్ల బడ్జెట్ చాలదు.

ఆ పోలీసు పెట్టె మాత్రం ఊహించింది కాదు. లండన్ వీధుల్లో నిజంగానే ఉండేది. 1929లో మెట్రోపాలిటన్ పోలీసుల కోసం గిల్బర్ట్ మెకంజీ ట్రెంచ్ అనే ఆర్కిటెక్ట్ గీసిన డిజైన్ అది. బయటివైపు చిన్న తలుపు తీస్తే ఫోన్ ఉండేది, ఎవరైనా దాంతో పోలీసుల్ని పిలవచ్చు. పైన దీపం మిణుకుమంటే బీటులో ఉన్న కానిస్టేబుల్ వచ్చి స్టేషన్‌తో మాట్లాడాలి. లోపల ఒక స్టూలు, చిన్న బల్ల. ఒక మనిషి కూర్చుని రిపోర్టు రాసుకోవడానికి సరిపోయే చోటు, అంతకంటే లేదు.

అలాంటి పెట్టె తలుపు తోసుకుని లోపలికి వెళ్తే పెద్ద హాలు. ఆ హాలు వెనక ఇంకా గదులు, వాటి వెనక ఇంకా వరండాలు. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలే పుష్పకం కథ విని పెరిగినవాళ్లం మనం, మనకి ఇది వింత కాకూడదు. మన ఆదిత్య 369 (1991) లోనూ టైమ్ మెషీన్ ఉంది. శ్రీకృష్ణదేవరాయల కాలానికీ వెళ్లింది, 2504కీ వెళ్లింది. కాకపోతే అది బండి. ఎక్కుతారు, దిగుతారు. టార్డిస్ ఇల్లు. అందులో నిద్రపోతారు, అలుగుతారు, ఒక గదిలో పెట్టిన వస్తువు ఏళ్ల తరబడి దొరక్క తిట్టుకుంటారు. గీసేటప్పుడు ఈ తేడా పట్టుకున్నవాడి బొమ్మే వేరుగా ఉంటుంది.

లోపల అంత ఎలా పట్టిందని మీలో ఒకరు అడిగారు. 1977లో వచ్చిన ఒక కథలో డాక్టర్‌ని లీలా అనే అమ్మాయి సరిగ్గా ఇదే అడుగుతుంది. ఆయన రెండు పెట్టెలు తెస్తాడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదాన్ని దూరంగా పెట్టి, చిన్నదాన్ని ఆమె కళ్ల ముందు పట్టుకుంటాడు. ఇప్పుడు ఏది పెద్దగా కనిపిస్తోందంటాడు. దూరంగా ఉన్న పెట్టెని ఆ దూరంలోనే ఉంచి, ఇక్కడ కూడా ఉండేలా చేయగలిగితే పెద్దది చిన్నదాంట్లో పట్టేస్తుందని ఆయన వాదన. లీలాకి అది నచ్చలేదు. ఫిజిక్స్ మాస్టారికీ నచ్చదు. బొమ్మలు గీసేవాళ్లకి మాత్రం బాగా పనికొస్తుంది.

మీరూ చేసి చూడండి. చెప్పుల డబ్బా మూత తీసి, తెరిచిన వైపు మీకు కనిపించేలా గదిలో అవతలి గోడ దగ్గర నిలబెట్టండి. అగ్గిపెట్టె లోపలి అర తీసేసి ఆ తొడుగుని కంటికి దగ్గరగా పట్టుకోండి. ఒక కన్ను మూసి ఆ తొడుగులోంచి చూడండి. చెప్పుల డబ్బా మొత్తం అగ్గిపెట్టెలో ఉంటుంది! మీ బొమ్మలో చేయాల్సిన పని ఇదే. తలుపు ఫ్రేము కంటికి దగ్గర, హాలు దూరం.

నా పద్ధతి చెప్తాను. ఇంటికైతే మేము ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ అని మూడు గీస్తాం. ప్లాన్ అంటే పైనుంచి చూసినట్టు గదుల అమరిక, ఎలివేషన్ అంటే బయట ఎదురుగా నిలబడి చూసినట్టు. సెక్షన్ అంటే ఇంటిని నిలువునా కోసినట్టు ఊహించి లోపల చూపించడం. టార్డిస్‌ని అలా కోస్తే స్టూలు పట్టేంత ఖాళీ తప్ప ఏమీ కనిపించదు. అందుకని రెండు షీట్లు తీసుకోండి. ఒకదాని మీద బయటి పెట్టె, రెండోదాని మీద లోపలి ప్లాన్. రెండు షీట్లకీ ఉమ్మడి కొలత ఒక్కటే, తలుపు. బయట తలుపు ఎంత వెడల్పో లోపల కూడా అంతే ఉండాలి. ఆ ఒక్కటి సరిగ్గా కుదిరితే మిగతా అబద్ధమంతా చూసేవాళ్లు నమ్మేస్తారు. మీలో చాలామంది లోపలివైపు తలుపుని సింహద్వారంలా గీశారు. దాంతో హాలు చిన్నబోయింది. తలుపుని బుల్లిగా, దూరంగా గీసి, దాంట్లోంచి బయటి ఎండ సన్నగా పడేలా చూపించండి. తలుపు పక్కన ఒక మనిషిని నిలబెట్టండి. మనిషి లేని బొమ్మలో ఆ హాలు ఎంత పెద్దదో ఎవరికీ తెలియదు.

అసలు సీరియల్ వాళ్లు ఈ హాలుని ఎలా కట్టారో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. మొదటి సెట్ గీసినాయన పీటర్ బ్రహాట్‌స్కీ. మధ్యలో ఓడని నడిపే ఆరు పలకల బల్ల, దాని నడుమ పైకీ కిందికీ కదిలే గాజు స్తంభం, గోడల నిండా వరసగా గుండ్రటి గుంటలు. ఇప్పటికీ ప్రపంచంలో ఎవరు టార్డిస్ గీసినా ఈ మూడూ ఉంటాయి. ఆ గోడల్లో ఒక భాగం మాత్రం గోడే కాదు, గుంటలు ఫొటో తీసి పెద్దగా ప్రింటు వేసి వేలాడదీశారు. టీవీలో తెల్లగా మెరిసే ఆ బల్లకి వేసింది లేత ఆకుపచ్చ రంగు. నిజం తెలుపు వేస్తే అప్పటి బ్లాక్ అండ్ వైట్ కెమెరాల్లో వెలుతురు చిమ్మి ఏమీ కనపడేది కాదు. ఓడ బయల్దేరేటప్పుడు వచ్చే ఆ గరగరమనే శబ్దం బ్రయన్ హాడ్జ్‌సన్ చేశాడు, ఇంటి తాళంచెవితో పాత పియానో లావు తీగల మీద గీకి. ఆ తొలి కథకి దర్శకుడు వారిస్ హుస్సేన్, మన లక్నోలో పుట్టినాయన. ఇంత పేరు తెచ్చుకున్న ఓడ అట్ట, రంగు, తాళంచెవి కలిపి చేసినదే. మీ దగ్గర ఖరీదైన మార్కర్లు లేవని దిగులు పడేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవండి.

తర్వాత ఎన్ని మార్పులో. 1976లో బ్యారీ న్యూబెరీ ముదురు చెక్క పలకలతో, ఇత్తడి కమ్మీలతో చిన్న గది చేశాడు. పాత లైబ్రరీలా ఉంటుంది, నాకు అన్నిట్లోకీ అదే ఇష్టం. పాపం, ఆ సీజన్ అయ్యాక నిల్వలో ఉండగా ఆ గోడలు వంకరలు పోయాయి. 1978లో వచ్చిన కథకి షూటింగ్ వేళకి సమ్మె వచ్చి స్టూడియో దొరకలేదు. ఓడ లోపలి వరండాల కోసం ఒక పాత ఆసుపత్రికి వెళ్లి తీశారు. అందుకే ఆ కథలో కాల ఓడలో ఇటుక గోడలు కనిపిస్తాయి! 2005లో సీరియల్ మళ్లీ మొదలైనప్పుడు పగడపు దిబ్బలా పెరిగినట్టుండే స్తంభాలు పెట్టారు. 2010 బల్ల మీద కుళాయిలు, టైప్‌రైటర్ ఉన్నాయి. 2018 దాంట్లో మీట తొక్కితే బిస్కెట్ వస్తుంది. ఈ బిస్కెట్‌ని చిన్న సంగతిగా తీసుకోకండి. నడిపేవాడికి ఆకలేస్తుందని ఎవరో ఆలోచించారన్నమాట.

ఆరు పలకల సంగతి ఇంకా బాగుంటుంది. బల్ల ఎందుకు అలా ఉందో 2008లో కథలోనే చెప్పారు. ఓడని నడపడానికి ఆరుగురు కావాలట. డాక్టర్ ఒక్కడే చుట్టూ పరుగెడుతూ నడుపుతాడు కాబట్టే అన్ని కుదుపులు. చూశారా, 1963లో ఎప్పుడో గీసిన ఆకారానికి 45 ఏళ్ల తర్వాత మనుషుల్ని తెచ్చి నిలబెట్టారు. మీరు గీసిన బల్లకి కూడా ఈ ప్రశ్న వేసుకోండి. ఎన్ని పలకలు, ఎంతమంది, ఎవరి చెయ్యి ఎక్కడిదాకా అందుతుంది? మీ చెయ్యి చాపి టేప్‌తో కొలవండి. చెయ్యి అందని బటన్ ఉంటే చెరిపేయండి.

2023 సెట్‌లో మెట్లకి బదులు ర్యాంపులు వేశారు, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లు కూడా బల్ల దాకా వెళ్లగలిగేలా. ప్లాన్లు గీసేవాడిగా దీని మీద రెండు మాటలు ఎక్కువే చెప్తాను, విసుక్కోకండి. వీల్‌చెయిర్ ర్యాంపుకి మేము వాడే వాలు 1:12. అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల పొడవు కావాలి. మీ బల్ల 2 అడుగుల అరుగు మీద ఉంటే 24 అడుగుల ర్యాంపు. ఊళ్లో ఏ బిల్డర్‌ని అడిగినా స్థలం లేదంటాడు. లోపల ఎంత కావాలంటే అంత చోటున్న ఓడ గీస్తూ మీరు కూడా ఆ మాటే అంటే ఎలా? మీ బొమ్మల్లో మెట్లు లేనిది ఒక్కటీ లేదు. మీ ఓడలోకి మీ నానమ్మ ఎక్కగలదా అని చూసుకోండి.

ఇప్పుడు మీ ఈడు పిల్లల కథ ఒకటి. బీబీసీలోనే బ్లూ పీటర్ అని పిల్లల కార్యక్రమం ఉంది. అందులో పోటీ పెట్టారు. ఇంట్లో దొరికే పాత సామానుతో టార్డిస్ బల్లని తయారు చేయాల్సి వస్తే ఎలా ఉంటుందో గీసి పంపమన్నారు. గెలిచిన స్కూలు అమ్మాయి బొమ్మని సెట్ వాళ్లు నిజంగా కట్టారు. 2011లో వచ్చిన కథలో డాక్టర్ పాత ఓడల తుక్కు పోగేసి ఆ బల్ల మీదే ప్రయాణం చేస్తాడు. ఒక చిన్నపిల్ల కాగితం మీద గీసింది పెద్దవాళ్ల చేతుల్లో మూడు కొలతల వస్తువైంది. అది ఎందుకు కట్టగలిగారో ఆలోచించండి. ఇంట్లో సామాను అన్నారు కాబట్టి ప్రతి ముక్కా ఎంత ఉంటుందో, ఎలా పట్టుకోవాలో అందరికీ తెలుసు. ఉత్త నీలం వెలుగుని ఎవరూ కట్టలేరు.

అన్నేళ్ల సీరియల్‌లో కంట్రోల్ రూమ్ చూపించినంతగా మిగతా ఇల్లు చూపించలేదు. ఈత కొలను ఉందన్నారు, లైబ్రరీ ఉందన్నారు, అప్పుడప్పుడూ ఒక వరండా కనిపిస్తుంది. మిగతాదంతా ఖాళీ కాగితమే. అభిమానులు గీసే బొమ్మలకి అంత రుచి రావడానికి కారణం ఇదే. అందరూ కంట్రోల్ రూమే గీస్తే నాకు టెన్షన్. ఒకరు వంటగది తీసుకోండి. గురుత్వాకర్షణ పోయినప్పుడు గిన్నెలు ఎక్కడ ఆగుతాయి? ఇంకొకరు బట్టల గది. రోమన్ కాలం నుంచి రాబోయే కాలం దాకా అన్ని కాలాల బట్టలూ ఉండాలి, వాటిని ఏ వరసలో సర్దుతారు? బాత్రూమ్ గీసినవాళ్లకి నా దగ్గర ప్రత్యేకంగా మార్కులుంటాయి. ఏ టైమ్ మెషీన్ బొమ్మలోనూ అది ఉండదు.

ఇంకో విషయం, చిన్నదే. ఈ ఓడ బీబీసీది. ఆ నీలం పెట్టె మా డిజైన్ అని మెట్రోపాలిటన్ పోలీసులే అభ్యంతరం చెప్తే 2002లో తీర్పు బీబీసీ వైపే వచ్చింది. సొంత పెట్టె మీద పోలీసులకే హక్కు దక్కలేదు. ఇష్టంతో గీసి మీ వాళ్లకి చూపించుకోవడం వేరు, టీషర్టుల మీద వేసి అమ్మడం వేరు. అలాగే ఇంకొకరు గీసింది చూసి నేర్చుకుంటే ఫలానా వాళ్ల బొమ్మ చూసి గీశానని కింద రాయండి. ట్రేస్ చేసి పేరు మార్చి పంపితే నాకు తెలిసిపోతుంది, గీత తడబడని చోట తెలుస్తుంది.

కంప్యూటర్‌లో చేస్తామన్నవాళ్లు బ్లెండర్ అనే 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్ వాడండి, డబ్బు కట్టక్కర్లేదు. కానీ ముందు చేత్తో ప్లాన్ గీశాకే కంప్యూటర్ ముందు కూర్చోండి. ఈసారి నాకు రంగులు వద్దు. పెన్సిల్‌తో ఒక్క గది ప్లాన్, తలుపు వెడల్పు రాసి, మనుషులు నిలబడే చోట చుక్కలు పెట్టి పంపండి. ఏ గది ఎవరు తీసుకున్నారో ముందే మాట్లాడుకోండి, పదిమందీ పది లైబ్రరీలు పంపకండి.

మీ
డ్రాయింగ్ తాతయ్య