కోతి ఎప్పుడు తిన్నట్టు?

అచ్చంపేట వైపు యాసంగి పల్లి చేన్లలో మంచె మీదున్న రైతును కోతుల సంగతి అడిగితే వచ్చే జవాబు ఒకటే: "పొద్దుగూకులు చేన్లనే ఉంటయి సారూ." ఆ మాటలో ఉన్న గోస నిజం. కానీ అవి ఎంతసేపు పీకాయి, ఎంతసేపు ఊరికే కూర్చున్నాయి అంటే ఆయనా చెప్పలేడు, నేనూ చెప్పలేను. కన్ను ఎప్పుడూ గొడవకే పోతుంది. రెండు కోతులు కొట్లాడుకుంటే గుర్తుంటుంది. గట్టు చాటున చప్పుడు లేకుండా మొక్కలు పీకే తల్లి కోతి గుర్తుండదు.

కెన్యాలో బబూన్‌లను పరిశీలించిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఈ చిక్కు మీదే ఒక పెద్ద వ్యాసం రాశారు. ఏది కంటబడితే అది రాసుకోవడం కాదు, ముందే ఒక జంతువును ఎంచుకుని, అది ఏం చేసినా చేయకున్నా నిర్ణయించిన సమయమంతా దాన్నే చూడాలి. లేదా ఇన్ని నిమిషాలకోసారి అని పెట్టుకుని, ఆ క్షణాన మందలో ఏది ఏం చేస్తోందో రాసుకోవాలి. అప్పట్లో చేతిలో కాగితం, స్టాప్‌వాచ్. ఇప్పుడు ఆ పనికి కంప్యూటర్ ప్రోగ్రాములున్నాయి. ఇటలీలోని టురిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రియార్డ్, గాంబా తయారుచేసిన బోరిస్ వాటిలో ఒకటి. ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది.

ఒక్కో పనికి ఒక్కో మీట పెట్టుకుంటాం. వీడియో నడుస్తుంటే, కోతి కూర్చోగానే ఒక మీట నొక్కాలి, లేచినప్పుడు మళ్లీ అదే మీట. కూర్చోవడానికి మొదలూ చివరా ఉంటాయి గనక దాన్ని నిమిషాల్లో కొలుస్తాం. మొక్క పీకడం క్షణంలో అయిపోతుంది, దాన్ని లెక్కపెడతాం అంతే. కోతి గట్టు చాటుకు పోతే దానికీ ఒక మీట కావాలి: 'కనబడలేదు'. ఇది చాలామంది వదిలేస్తారు. 10 నిమిషాల్లో 4 నిమిషాలు కనబడక, 3 నిమిషాలు తింటూ కనబడిందనుకోండి. అది చూసిన సమయంలో సగం. 30 శాతం అని రాస్తే తప్పు.

ఫోనుతో తీసిన పది నిమిషాల వీడియోలో ఇలా మీటలు నొక్కుతూ పనులు గుర్తించడానికి నాకు గంటకు పైగా పట్టింది. కోతి మొక్కను మొదలు పట్టుకుని లాగింది, మట్టి దులిపింది, కాయలు తెంపి నోట్లో కుక్కుకుంది. బుగ్గ ఉబ్బింది, దవడ కదల్లేదు. కోతులకు బుగ్గల్లో సంచులుంటాయి; చేన్లో గబగబా నింపుకుని, చెట్టెక్కాక తీరిగ్గా నములుతాయి. మరి ఇది తినడమా?

అదే వీడియోను మా అన్న కొడుకు విడిగా గుర్తించాడు. "నోట్లె ఏసుకున్నదంటే తిన్నట్టే గద చిన్నాయనా" అన్నాడు. నేను నమిలితేనే తిన్నట్టు అనుకున్నాను. ఒకే కోతి, రెండు లెక్కలు.

ఇద్దరి లెక్కా ఎంత కలిసిందో చెప్పే కొలత కప్పా. జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చింది. బోరిస్ దాన్నీ లెక్కగడుతుంది. కూర్చోవడం, పీకడం అని రెండే పనులున్నాయనుకుందాం. నూటికి 90 చోట్ల ఇద్దరం ఒకే మాట రాస్తే గొప్పగానే అనిపిస్తుంది. కానీ ఇద్దరమూ ఎవరికి వారు 80 సార్లు 'కూర్చుంది' అనే రాసి ఉంటే, కళ్లు మూసుకుని రాసినా 68 చోట్ల కలుస్తుంది. ఆ కాకతాళీయాన్ని తీసేస్తే మిగిలే కప్పా 0.69; పూర్తిగా కలిస్తే అది 1.

2018లో వచ్చిన డీప్‌ల్యాబ్‌కట్ లాంటి ప్రోగ్రాములు, కొన్ని బొమ్మల్లో మనం గుర్తులు పెట్టి నేర్పితే, వీడియోలో చేతులూ తలా ఎక్కడున్నాయో వాటంతటవే వెతికిపెడతాయి. నాకు అది అద్భుతమే. అయినా చెయ్యి నోటి దగ్గరికి పోవడాన్ని తినడం అనాలా వద్దా అన్నది మనమే చెప్పాలి.

చివరికి మేమిద్దరం 'తినడం' అనే మీటనే తీసేశాం. రైతుకు పోయేది మొక్క గనక దాని చోట మూడు పెట్టుకున్నాం. పీకడం: వేరు మట్టిలోంచి బయటపడ్డ క్షణం. నింపడం: కాయ నోట్లోకి పోయి దవడ ఆడకపోవడం. నమలడం: దవడ ఆడటం. మళ్లీ మొదటి నిమిషం నుంచి వీడియో పెట్టాం.